కిటికీ పలకయు, చెక్కలోని తేమయు

గదిలో నిలువబడి కిటికీవైపు చూచినచో, చౌకట్టు అడుగుభాగమునకును గోడ లోపలి అంచునకును నడుమ ఒక చిన్న గట్టు కనిపించును. గోడ మందములో కొంత చౌకట్టు ఆక్రమించుకొనగా మిగిలిన భాగమే ఈ గట్టు. దీనిపై చెక్కపలకనో, రాతిబండనో పరచుట వాడుక. గడియారము, పుస్తకములు, మందుసీసా, పూలకుండీ మొదలైన వస్తువులు, ఇంటిలో మరెక్కడను చోటు దొరకనివి, చివరకు దీనిపైకే చేరును. చూచుటకు ఇంతకంటె చిన్న పని ఇంటిలో లేదనిపించును. అందుచేత వడ్రంగిని పిలువక స్వయముగా ఏదైనను చేయవలెనని కోరువారు మొదట చేపట్టు పనులలో ఇది ఒకటి.

అయితే ఈ చిన్న పనియే తరచుగా చిక్కు తెచ్చిపెట్టును. వానకాలములో బిగువుగా అమర్చిన పలక ఎండకాలములో సందు విడును. ఎండకాలములో అమర్చినది వానకాలములో ఉబ్బి ప్రక్కనున్న గిలాబును పగులగొట్టును. పలక మంచిది కాదనియో, అమ్మినవాడు మోసగించెననియో అనుకొనుట సహజము. కాని చాల సందర్భములలో తప్పు పలకది కాదు. చెక్క తన స్వభావమును బట్టి నడచుకొనినది. బిగించినవారు ఆ స్వభావమునకు చోటు విడువలేదు. ఎంత చోటు విడువవలెనో, ఏ వైపున విడువవలెనో తెలిసికొనుటకు ఉన్నత పాఠశాలలో చదువుకొను శాస్త్రపాఠములు చాలును.

ఊరి ఇండ్లు, ఊరి వాన

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు నిజామాబాదు జిల్లానుండి ఏర్పడినది. కామారెడ్డి పట్టణము సికింద్రాబాదు–మన్మాడు రైలుమార్గముపై ఉన్నది. ఎల్లారెడ్డి దానికి పడమటివైపున, అడవులకు దగ్గరగా ఉన్నది. ఇచ్చటివి ఆకురాల్చు అడవులు. వానిలో టేకు ముఖ్యమైన చెట్టు. కనుక ఈ ప్రాంతపు పాత ఇండ్లలో టేకుతో చేసిన దర్వాజలు, కిటికీ చౌకట్లు, దూలములు తరచుగా కనిపించును. మట్టితోను రాతితోను కట్టిన ఆ పాత గోడలు చాల మందమైనవి. అట్టి గోడలోని కిటికీ గట్టుమీద పిల్లలు కూర్చుండి చదువుకొనవచ్చును. తొమ్మిది అంగుళముల ఇటుకగోడలు వచ్చిన తరువాత ఆ గట్టు ఐదారు అంగుళములకు తగ్గినది.

ఇచ్చటి వాతావరణము చెక్కకు కఠినమైన పరీక్ష వంటిది. ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటును. మధ్యాహ్నపు గాలిలో సాపేక్ష ఆర్ద్రత 30 శాతమునకు, కొన్ని దినములలో అంతకంటె తక్కువకు కూడ దిగును. జూలై, ఆగస్టు నెలలలో ముసురు పట్టినప్పుడు అదే ఆర్ద్రత 80 శాతమును దాటి దినములకొలది నిలిచియుండును. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో ఈ జిల్లాలో అసాధారణమైన వాన కురిసినది. రాజంపేట మండలములోని అర్గొండలో ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు మించి వర్షపాతము నమోదైనది. కామారెడ్డి పట్టణపు పల్లపు కాలనీలలో ఇండ్లలోనికి నీరు ప్రవేశించినది, రైలుకట్ట కోసుకొనిపోయినది, ఎల్లారెడ్డి ప్రాంతమున 1922లో పూర్తియైన పోచారము ఆనకట్టపైనుండి వరద పొర్లినది.

అట్టి వాన వెలిసిన తరువాత గృహస్థునకు ఒక ప్రశ్న ఎదురగును. ఉబ్బి చెడిన పలకను తీసివేసి క్రొత్తది ఎప్పుడు వేయవలెను? వెంటనే వేయవచ్చునా, ఆగవలెనా? టేకు వెల సామాన్య సంసారికి తేలికైనది కాదు. తొందరపడి వేసినచో ఆ ఖర్చు మరల పెట్టవలసి వచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము చెక్కలోనే ఉన్నది.

చెక్క నీటిని ఎట్లు త్రాగును?

చెక్క అనునది సన్నని గొట్టముల కట్ట వంటిది. చెట్టు జీవించియున్నప్పుడు ఈ గొట్టములగుండ నీరు పైకి పోవును. గొట్టము గోడలను కణకవచము లందురు. ఇవి ముఖ్యముగా సెల్యులోజు, లిగ్నిన్ అను పదార్థములతో నిర్మితమైనవి. సెల్యులోజు అణువులో హైడ్రాక్సిల్ సమూహము లనేకము కలవు. ఇవి నీటి అణువులను ఆకర్షించి తమ ప్రక్కన పట్టి నిలుపుకొనును.

కనుక చెక్కలో నీరు రెండు విధములుగా ఉండును. గొట్టముల నడిమి ఖాళీలో నిండియుండు నీరు ఒకటి. కణకవచములో చిక్కుకొనియుండు నీరు రెండవది. పచ్చి చెక్కను ఎండబెట్టినప్పుడు మొదట ఖాళీలలోని నీరు పోవును. అప్పుడు చెక్క బరువు తగ్గునే కాని కొలత మారదు. ఆ నీరంతయు పోయి, కవచములలోని నీరు మాత్రము మిగిలిన స్థితిలో తేమ సుమారు 30 శాతము ఉండును. అనగా పూర్తిగా ఎండిన 100 గ్రాముల చెక్కకు 30 గ్రాముల నీరు. అచ్చటినుండి ఇంకను ఎండినచో కవచములే సన్నబడును. చెక్క ముడుచుకొనుట ప్రారంభించును. తిరిగి తేమ తగిలినచో, నానబెట్టిన సెనగగింజ ఉబ్బినట్లు, కవచములు ఉబ్బును.

చెక్క ఎంత పాతదైనను ఈ గుణము పోదు. చుట్టునున్న గాలితో అది ఎల్లప్పుడును తేమను ఇచ్చిపుచ్చుకొనుచుండును. సుమారు 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో ఆర్ద్రత 30 శాతమున్నచో చెక్క చివరకు 6 శాతపు తేమవద్ద నిలుచును. ఆర్ద్రత 50 శాతమున్నచో 9 శాతమువద్దను, 80 శాతమున్నచో 15 శాతమునకు కొంచెము పైనను నిలుచును. వంద సంవత్సరముల క్రిందటి టేకు దర్వాజ కూడ వానకాలములో బిగిసి తెరచుకొనకపోవుటకు కారణమిదియే.

మూడు దిక్కులు, మూడు లెక్కలు

చెక్క అన్ని దిక్కులలోను సమానముగ ఉబ్బదు. మ్రాను పొడవు వెంట ఒక దిక్కు; మ్రాను నడుమనుండి బెరడువైపునకు, అనగా వ్యాసార్ధము వెంట రెండవ దిక్కు; వార్షిక వలయముల చుట్టువెంట మూడవ దిక్కు. పచ్చి స్థితినుండి పూర్తిగా ఎండువరకు టేకు పొడవు వెంట ముడుచుకొనుట చాల స్వల్పము, సుమారు 0.1 శాతము. వ్యాసార్ధము వెంట సుమారు 2.5 శాతము, వలయము వెంట 5.8 శాతము. వృక్షజాతులలో టేకు తక్కువగా ముడుచుకొనునది. ఇతర జాతుల చెక్కలు అనేకము ఇంతకంటె ఎక్కువగా కదలును.

ఇప్పుడొక లెక్క చేయవచ్చును. 120 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల టేకు పలకను తీసికొనుడు. దాని వెడల్పు వలయముల వెంట కోయబడినదనుకొనుడు. తేమ 30 శాతము మారినప్పుడు ముడుచుకొనుట 5.8 శాతము; కనుక తేమ 1 శాతము మారినప్పుడు సుమారు 0.19 శాతము. మే నెలలో 6 శాతమున్న తేమ ఆగస్టులో 15 శాతమైనచో మార్పు 9 శాతము. వెడల్పులో మార్పు 1.7 శాతము. 20 సెంటీమీటర్లకు అది సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. పొడవులో మార్పు 120 సెంటీమీటర్లకు అర మిల్లీమీటరు కూడ కాదు.

నిజమునకు పలక ఒక్క దినములో తేమను త్రాగదు. పూత ఉన్నచో మరింత నెమ్మదిగ త్రాగును. కనుక ఇంటిలోని మార్పు ఈ లెక్కకంటె తక్కువగా ఉండవచ్చును. అయినను రెండు మిల్లీమీటర్ల కదలికయే గిలాబును చీల్చుటకు చాలును. ఉబ్బు చెక్క కలిగించు ఒత్తిడి ఎంతటిదనగా, పూర్వము రాళ్లు చీల్చువారు బండలో వరుసగా తొలిచిన రంధ్రములలో ఎండిన కొయ్యమేకులు దిగగొట్టి నీరు పోసెడివారు. మేకులు ఉబ్బి బండను చీల్చివేసెడివి.

పై లెక్కలోనే పని సూత్రము బయటపడుచున్నది. పలక పొడవు కిటికీ పొడవు వెంటనే ఉండును. కనుక రెండు ప్రక్కల గోడలవద్ద రెండేసి మిల్లీమీటర్ల సందు చాలును. అసలు కదలిక చౌకట్టునుండి గది వైపునకు, అనగా వెడల్పులో జరుగును. కావున ఆ వెడల్పులో ఒక అంచును మాత్రమే గట్టిగా పట్టి, రెండవ అంచును స్వేచ్ఛగా విడువవలెను.

పలక ఎందుకు వంగును?

అడ్డుకోత ముఖమును చూచినచో వలయములు విల్లువలె కనిపించును. ఎండుచున్న పలకలో ఈ విండ్లు తిన్నబడుటకు ప్రయత్నించును. అందుచేత బెరడువైపు ముఖము గుంటపడును, నడుమవైపు ముఖము ఉబ్బెత్తగును. పలకను ఆనించునప్పుడు నడుమవైపు ముఖమును పైకి ఉంచినచో, తరువాత ఎండి వంగినను రెండు అంచులు గట్టును తాకియే ఉండును. పైన నీరు నిలువదు. వలయములు పలక మందమునకు నిలువుగా కనిపించు కోత దొరికినచో అది మరింత మంచిది. దాని వెడల్పు వ్యాసార్ధపు దిక్కున ఉండును కనుక కదలిక సగముకంటె తక్కువ. వంపు దాదాపు ఉండదు.

వంపునకు మరియొక కారణము కలదు. గోడ తడిగా ఉండి పలక అడుగుభాగము తేమ త్రాగుచుండగా, పైభాగము ఎండకు ఎండుచున్నచో, అడుగు ఉబ్బును, పైభాగము ముడుచుకొనును. పలక పళ్లెమువలె గుంటపడును. పైముఖమునకు మాత్రమే రంగు వేసి అడుగును విడిచినచో జరుగునది ఇదే. ఎవరికిని కనిపించని అడుగుముఖమునకును, కోసిన కొనలకును పైముఖమునకు వలెనే పూత వేయవలెను. గొట్టముల నోళ్లు తెరచుకొనియుండునది కొనలవద్దనే కనుక అచ్చట నీరు అనేక రెట్లు త్వరగా లోనికి పోవును. కొనలకు పూత రెండు మూడు సార్లు వేయుట మంచిది.

చెక్క ఎంచుకొనునప్పుడు రంగును కూడ గమనింపవలెను. మ్రాను నడుమనుండు ముదురు రంగు భాగము చేవ. దాని చుట్టునుండు లేత రంగు భాగము రసదారువు. టేకు చేవలో చెదపురుగులకు సరిపడని సహజ రసాయనములు కలవు. రసదారువునకు ఆ రక్షణ లేదు. పేరు టేకే అయినను లేత రంగు అంచుగల పలకను గోడకు తాకించి ఉంచినచో చెదలు మొదట ఆ అంచునే తినును.

తేమను కొలుచు విధము

చెక్క ఎండినదా లేదా అని చేతితో తాకి చెప్పుట కష్టము. పాఠశాల ప్రయోగశాలలో దీనిని కొలువవచ్చును. పలకనుండి కోసిన చిన్న ముక్కను, కొననుండి కాక కొంత లోపలినుండి కోసినదానిని, వెంటనే త్రాసులో తూచవలెను. తరువాత సుమారు 103 డిగ్రీల వేడిగల ఓవెన్‌లో ఉంచి, కొన్ని గంటల కొకసారి తూచుచు, బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టవలెను. మొదటి బరువు 52 గ్రాములు, చివరి బరువు 46 గ్రాములు అనుకొనుడు. పోయిన నీరు 6 గ్రాములు. 6ను 46చే భాగించి 100చే గుణించినచో 13 శాతము వచ్చును. చివరి బరువుచే భాగింపవలెనే కాని మొదటి బరువుచే కాదు.

గోడ తేమను పరీక్షించుటకు ఇంకను సులభమైన ఉపాయము కలదు. మూరెడు చదరపు ప్లాస్టిక్ కాగితమును గోడకు అంటించి, నాలుగు అంచులను టేపుతో మూసి, ఒకటి రెండు దినములు ఉంచవలెను. కాగితము లోపలివైపున నీటి చుక్కలు పట్టినచో, లేక దాని క్రింది గోడ చుట్టునున్న గోడకంటె నల్లబడినచో, గోడ ఇంకను నీటిని విడుచుచున్నదని అర్థము. అట్టి గోడపై పలకను అమర్చరాదు. వరదనీరు త్రాగిన ఇటుకగోడ పైకి పొడిగా కనిపించినను లోపల వారములకొలది, ఒక్కొక్కప్పుడు నెలలకొలది తడిగా ఉండవచ్చును.

పలకను కొనితెచ్చిన వెంటనే బిగింపక, అది ఉండబోవు గదిలోనే, క్రింద రెండు కట్టెలుంచి, అన్ని వైపుల గాలి తగులునట్లు రెండు మూడు వారములు ఉంచవలెను. నిలువుగ గోడకు చేరవేసినచో వంగును.

ఇక కాలము మాట. నవంబరునుండి ఫిబ్రవరివరకు ఇచ్చటి గాలిలో తేమ మధ్యస్థముగ ఉండును. 9 శాతపు తేమతో అమర్చిన పై పలక మే నెలకు సుమారు 1.2 మిల్లీమీటర్లు ముడుచుకొనును, ఆగస్టునకు 2.3 మిల్లీమీటర్లు ఉబ్బును. మొత్తము కదలిక మూడున్నరయే అయినను అది రెండు వైపులకును పంచబడును. ఏ ఒక్క ఋతువులోను మొత్తము భారము పడదు. ఆగస్టులో తడిసిన ఇంటివారు చలికాలమువరకు ఆగుట మేలనుటకు కారణమిదియే.

కొలతలు, మట్టములు

కిటికీ లోపలి గట్టు చతురస్రముగ కనిపించినను, కొలిచి చూచినచో సాధారణముగ అట్లుండదు. మూలను పరీక్షించుటకు బడిలో నేర్చుకొనిన సిద్ధాంతమే చాలును. మూలనుండి ఒక వైపున 30 సెంటీమీటర్లవద్ద, రెండవ వైపున 40 సెంటీమీటర్లవద్ద గుర్తులు పెట్టి, వాని నడుమ దూరము కొలువవలెను. అది సరిగా 50 సెంటీమీటర్లున్నచో మూల లంబకోణము. గట్టు ఇరుకైనచో 9, 12, 15 సెంటీమీటర్లతో చూడవచ్చును. వడ్రంగి మూలమట్టములో ఉన్న సూత్రము కూడ ఈ లంబకోణమే. మూల వంకరగా ఉన్నచో, మొదట దళసరి అట్టను గట్టునకు సరిపడునట్లు కత్తిరించి, ఆ అట్టను పలకపై ఉంచి గీతలు గీయవలెను. అట్ట చెడినచో మరియొక అట్ట దొరకును. పలక చెడినచో దొరకదు.

పలక సమతలముగ ఉన్నదో లేదో రసమట్టము చెప్పును. అందులోని గాజుగొట్టము పైకి కొంచెము వంగియుండును. ద్రవములోని గాలిబుడగ ఎల్లప్పుడును గొట్టములో మిక్కిలి ఎత్తయిన చోటికి చేరును. రసమట్టమే సరిగా ఉన్నదా అని పరీక్షించుటకు దానిని పలకపై ఉంచి బుడగ స్థానము చూచి, కొనలు మార్చి అదే చోట మరల ఉంచవలెను. రెండు సార్లును బుడగ ఒకే ప్రక్కకు, ఒకే దూరము జరిగినచో వంపు పలకది. ప్రక్కలు మారినచో దోషము రసమట్టముది. రసమట్టము లేనిచోట మేస్త్రీలు పారదర్శకమైన నీటిగొట్టమును వాడుదురు. గొట్టములో గాలిబుడగలు లేకున్నచో రెండు కొనలలోను నీరు ఒకే ఎత్తున నిలుచును. ఏలయనగా ద్రవములో ఒకే మట్టమున పీడనము సమానము.

బిగింపు

పలక చౌకట్టువైపు అంచును గుండ్రని రంధ్రములగుండ స్క్రూలతో గట్టిగా బిగింపవలెను. గదివైపున స్క్రూలు అవసరమైనచో, వానికి గుండ్రని రంధ్రములు కాక, పలక వెడల్పు వెంట మూడు నాలుగు మిల్లీమీటర్లు సాగిన పొడవాటి రంధ్రములు తొలిచి, తలక్రింద లోహపు వాషరు ఉంచవలెను. అప్పుడు స్క్రూ పలకను క్రిందికి అదిమిపట్టును కాని, ముందు వెనుకలకు కదలుటను అడ్డగింపదు. మేకులతో రెండు అంచులను దిగగొట్టిన పలక ముడుచుకొనవలసి వచ్చినప్పుడు దారి లేక నడుమ చీలును. పలక కొనలను పచ్చి సిమెంటులో పూడ్చుట కూడ తగదు.

ఇటుకగోడలో స్క్రూ నేరుగా నిలువదు. బరమాతో రంధ్రము చేసి అందులో ప్లాస్టిక్ గిట్టీని దించి, దానిలోనికి స్క్రూను తిప్పవలెను. స్క్రూ లోనికి పోవుకొలది గిట్టీ వెడల్పై రంధ్రపు గోడలను నొక్కును. ఆ ఒత్తిడివలన పుట్టు ఘర్షణయే దానిని పట్టి నిలుపును. రంధ్రము పెద్దదైనచో ఒత్తిడి ఉండదు. కనుక ఘర్షణయు ఉండదు. రంధ్రము తొలుచుటకు ముందు గోడలో విద్యుత్ తీగెలు పోవు మార్గమును తెలిసికొని, ఆ భాగపు సరఫరాను ఆపవలెను. కన్నులకు అద్దములు ధరింపవలెను.

పలక గోడదాటి గదిలోనికి ఎంత ముందుకు రావచ్చును? ఇది తులాదండపు లెక్క. పలక గోడపై 15 సెంటీమీటర్లు ఆని, 5 సెంటీమీటర్లు ముందునకు వచ్చినదనుకొనుడు. స్క్రూలు గోడ అంచునకు 12 సెంటీమీటర్లు వెనుక ఉన్నవి. 30 కిలోగ్రాముల పిల్లవాడు అంచునకు 4 సెంటీమీటర్లు ముందు మోకాలు మోపినచో, 30ని 4చే గుణింపగా 120. దానిని 12చే భాగింపగా 10. అనగా స్క్రూలు 10 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలముతో పట్టవలెను. అదే పలక 15 సెంటీమీటర్లు ముందునకు వచ్చి, పిల్లవాడు 14 సెంటీమీటర్లవద్ద ఎక్కినచో స్క్రూలపై 35 కిలోగ్రాముల లాగుడు పడును. కావున మూడు నాలుగు సెంటీమీటర్లకు మించి ముందుకు రాకుండుట మంచిది. పిల్లలున్న ఇంటిలో కిటికీకి సలాకలు లేకున్నచో ఈ పలక మెట్టుగా మారు ప్రమాదమున్నదని కూడ మరువరాదు.

సన్నని సందు, పెద్ద దాహము

పలకను ఎంత చక్కగా అమర్చినను, చౌకట్టు వెలుపలినుండి నీరు వచ్చినచో ప్రయోజనము లేదు. చౌకట్టు క్రింద సన్నని సందు ఉన్నను పరవాలేదని పలువురు తలంతురు. కేశనాళికత్వము దీనికి విరుద్ధముగ చెప్పుచున్నది. దగ్గరగా ఉన్న రెండు తలముల నడుమ నీరు తనంత తాను ఎగబ్రాకును. సందు 1 మిల్లీమీటరున్నచో నీరు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కగలదు. సందు 0.1 మిల్లీమీటరున్నచో 15 సెంటీమీటర్లు ఎక్కగలదు. అనగా సగము పూడిన సందు, తెరచియున్న సందుకంటె ఎక్కువ దూరము నీటిని లాగును. కనుక దానిని పూర్తిగా మూయవలెను. గట్టిపడి పగులు సిమెంటుతో కాక, రబ్బరువలె సాగు సీలంటుతో మూసినచో చెక్క కదలినను సందు తెరచుకొనదు.

వెలుపలి గట్టు బయటివైపునకు వాలుగా ఉండవలెను. దాని అంచు గోడదాటి ముందునకు వచ్చి, అడుగున ఒక గాడి కలిగియుండవలెను. గాడి లేనిచో నీటిచుక్క తలతన్యతవలన అడుగుముఖమును అంటిపెట్టుకొని వెనుకకు ప్రాకి గోడను చేరును. గాడివద్ద ఆ చుక్క ముందుకు సాగుటకు దారి తెగి, బరువెక్కి క్రింద పడును. వేలెడు వెడల్పు కూడ లేని ఈ గాడి వానకాలమంతయు గోడను కాపాడును. పలక పదే పదే చెడుచున్న ఇంటిలో మొదట చూడవలసినది పలకను కాదు, ఈ గాడిని, చౌకట్టు క్రింది సందును, కిటికీపై సజ్జను.

చెక్కకు బదులు

నీరు తప్పక తగులు కిటికీకి, ముఖ్యముగా వంటయింటిలోను, స్నానపుగదిలోను, రాయి మేలైనది. షాబాదు బండ, కడప బండ, గ్రానైటు తేమకు గుర్తింపదగినంతగా ఉబ్బవు. వేడికి సాగుటయు తక్కువయే. 120 సెంటీమీటర్ల గ్రానైటు 30 డిగ్రీల వేడి పెరుగుదలకు సుమారు 0.3 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. కాని గ్రానైటు వంటి రాళ్లను పొడిగా కోయునప్పుడు లేచు సన్నని ధూళిలో సిలికా ఉండును. అది ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను నయముకాని వ్యాధిని కలిగించును. మూతికి కట్టుకొను గుడ్డ ఆ సన్నని రేణువులను ఆపజాలదు. రాతిని నీటితో తడుపుచు కోయించుట, తగిన మాస్కు ధరించుట తప్పనిసరి. కోతపనిని ఇంటిలోపల చేయరాదు.

ప్లైవుడ్‌లో పలుచని చెక్కపొరలను ఒకదాని కొకటి అడ్డముగా అతికింతురు. ఒక పొర ఉబ్బదలచిన దిక్కున ప్రక్కపొర పొడవు ఉండును. పొడవు వెంట చెక్క కదలదు కనుక అది ప్రక్కపొరను పట్టి నిలుపును. అయితే జిగురు నీటికి ఊడనిదై ఉండవలెను. భారత ప్రమాణము 710నకు సరిపడు ప్లైవుడ్ జిగురును మరుగుచున్న నీటిలో 72 గంటలు ఉంచి పరీక్షింతురు. చెక్కపొడిని, నారను అదిమి చేసిన సాధారణ పలకలు చవుకైనను, నీరు తగిలిన కిటికీలో ఉబ్బి తిరిగి మొదటి మందమునకు రావు.

విద్యార్థులకు ఒక ప్రయోగము

ఈ విషయమును పుస్తకముతో విడువక పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. వడ్రంగివద్ద మిగిలిన టేకు, వేప, మామిడి చెక్కముక్కలను ఒకే కొలతకు రంద పట్టించి, ప్రతి ముక్కపై పొడవు, వెడల్పు గుర్తులు పెట్టి, తరగతిగదిలో గాలి తగులుచోట ఉంచవలెను. నెలకొకసారి వాని బరువును, వెర్నియర్ కాలిపర్‌తో వెడల్పును కొలిచి, ఆ దినపు తడి–పొడి ఉష్ణమాపకముల ఆర్ద్రతతో కలిపి వ్రాసికొనవలెను. ఒక ముక్కకు అన్ని వైపుల పూత వేసి, మరియొక ముక్కకు పైముఖమునకు మాత్రమే వేసి పోల్చవలెను. జూన్‌లో ప్రారంభించి మరుసటి ఏప్రిల్ వరకు సాగించినచో, ఒక విద్యాసంవత్సరములో మూడు ఋతువుల లెక్క చేతికి వచ్చును. కామారెడ్డిలోను ఎల్లారెడ్డిలోను రెండు పాఠశాలలు ఈ పనిని కలిసి చేసినచో, పట్టణపు ఇంటికిని అడవిప్రక్క ఇంటికిని భేదమెంతో తెలియును. ఆ అంకెలు చేతిలోనున్న గృహస్థుడు తన కిటికీకి ఎంత సందు విడువవలెనో ఎవరిని అడుగ నక్కరలేదు.